బొగుమిల్ ఏరుకొచ్చిన పుట్టగొడుగులు

ఖాళీ కంచం స్కాట్లండు వాళ్ళ ఇంట్లో "చాలు, కడుపు నిండింది" అంటుంది. అదే కంచం పోలండు వాళ్ళ ఇంట్లో "ఇంకొంచెం వడ్డించరూ" అంటుంది. ఏళ్ళ తరబడి పక్క పక్క ఇళ్ళలో కాపురమున్నా ఎల్స్‌పెత్‌కి ఈ సంగతి తెలియదు. తెలిసుంటే ఆ సెప్టెంబరు మధ్యాహ్నం, స్కాట్లండులోని డంకెల్డ్ ఊరి చివర, పోలండునుంచి వచ్చి స్థిరపడ్డ బొగుమిల్ ఇంటి గేటు దగ్గర, మొగుడు మర్డోని ఆపి మరీ హెచ్చరించి ఉండేది కాదు. కిందటిసారి భోజనానికి పిలిస్తే మర్డో మీగడలో నానేసిన చేపముక్కని అలాగే వదిలేశాడు. బొగుమిల్ పెళ్ళాం బోజెనా తన వంట అంత చెత్తగా ఉందా అని వారం రోజులు కుమిలిపోయింది. అందుకని ఈసారి ఒక్క మెతుకు మిగిల్చినా ఊరుకోనని చెప్పింది ఎల్స్‌పెత్. మర్డో మంచి మొగుడు, పెట్టింది పెట్టినట్టు ఊడ్చేస్తున్నాడు. బోజెనా మంచి ఇల్లాలు, కంచం ఖాళీ అయిందంటే వంటింట్లోంచి పరుగున వచ్చి ఇంకోటి వేసి పోతోంది. వేసేవి పుట్టగొడుగులు. గుడ్డులో ముంచి, రొట్టెపొడి అద్ది, వెన్నలో దోరగా వేయించినవి.

బయట సన్నగా వాన. వరండాలో బల్ల చుట్టూ ముగ్గురు. బొగుమిల్ మాత్రం కంచం పక్కకి నెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. చేసింది వెల్డింగు పని, కోసేవి మాత్రం కోతలు. గేటుకి మడత బందు అతికిస్తే ఓడకి అడుగు వేశానని చెప్పే రకం. అయినా ఎల్స్‌పెత్‌కి అతనంటే ఇష్టమే. చలికాలంలో వాళ్ళింటి బాయిలరు చెడిపోతే పిలవకుండానే వచ్చి బాగుచేసి వెళ్ళిన మనిషి.

"గొప్పేం లేదు ఎల్స్‌పెత్ గారూ, పొద్దున్నే లేచాను, బిర్నం అవతల ఓక్ చెట్లలోకి వెళ్ళాను, బుట్టెడు కానియా పుట్టగొడుగులు ఏరుకొచ్చాను, అంతే. మా పొద్లాసీ అడవుల్లో అయితే పాలుతాగే పిల్లాడు కూడా చేసే పని. నేను అడుగులెయ్యక ముందే మా నాయనమ్మ నన్ను తీసుకెళ్ళి పైన్ చెట్టు కింద కూచోబెట్టేది, నేను ఎటు పాకితే అటు పుట్టగొడుగు. మీవాళ్ళ సంగతే నాకర్థం కాదు. అడవిలో పుట్టగొడుగు కనబడితే పామును చూసినట్టు పక్కకి తప్పుకుంటారు, ప్లాస్టిక్ డబ్బాలో పుట్టి పెరిగినవే తింటారు. మరి గొర్రె గుండె, ఊపిరితిత్తులు తరిగి గొర్రె పొట్టలో కుక్కి ఉడకబెట్టింది మాత్రం పాటలు పాడుకుంటూ తింటారు."

"అందులో ఏముందో మాకు తెలుసు కదా," అన్నాడు మర్డో, నోట్లో ముక్క నములుతూ.

"అదే, మీకు లెక్కలు కావాలి. మాకు ముక్కు చాలు. ఇవాళ కళ్ళజోడు కూడా లేదు నాకు. నిన్ననే దానిమీద కూచున్నాను, ముక్కలైంది. అయితేనేం? అడవంతా పొగమంచు, చాచిన చెయ్యి కనబడదు. వాసన పట్టుకుని పోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎల్స్‌పెత్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. కళ్ళజోడు లేకపోతే బొగుమిల్ తన ఇంటి గేటుకి బదులు వాళ్ళింటి గేటు తీస్తాడు. ఆమె మర్డో కంచం వైపు చూసింది. ఖాళీ. చూస్తుండగానే బోజెనా వచ్చి ఇంకోటి వేసి వెళ్ళింది.

ఆ తర్వాత ఏమైందంటే, మంచులో ఒక పుట్టగొడుగు తగిలింది. మొదట పళ్ళెమంత అన్నాడు, మాట పూర్తయ్యేలోగా బండిచక్రమంత అయింది. వాన పట్టుకుంది, దానికిందే నించున్నాడు. చినుకు పడలేదు. కాసేపటికి రెండు గొర్రెలొచ్చి చేరాయి, తరవాత ఒక దుప్పి, ఆ వెనక కొండలెక్కడానికొచ్చిన జర్మనీ వాళ్ళు. అందరూ ఆరిన బట్టలతో బయటపడ్డారు. జర్మనీ వాళ్ళలో ఒకాయన దానికింద అద్దెకుంటానని కూడా అడిగాడట.

"గొర్రెలు దాన్ని తినలేదా?" అన్నాడు మర్డో.

"తినవు, స్కాట్లండు గొర్రెలు కదా," అన్నాడు బొగుమిల్ తడుముకోకుండా.

మామూలుగా అయితే ఎల్స్‌పెత్ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఆ అడవిలో విషపువి ఉండవు కదా అని, పోనీలే మాటవరసకి అన్నట్టుగా అడిగింది. గొంతు మాత్రం ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు బొగుమిల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఎందుకుండవు? కానియా పక్కనే ఉంటుంది మహాతల్లి. లేతగా ఉన్నప్పుడు చూస్తే రెండూ అచ్చం కవలలే. అది తింటే చేదనుకుంటున్నారేమో, కాదు. తిని పోయినవాళ్ళంతా పోయేముందు చెప్పిన మాట ఒక్కటే, ఇంత రుచి ఎప్పుడూ ఎరగమని. తిన్న పూట ఏమీ ఉండదు, హాయిగా నిద్రపోతారు. మర్నాడు కడుపు తిప్పేస్తుంది. ఆ తర్వాత తగ్గిపోతుంది, లేచి కూచుంటారు, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అప్పటికి లోపల కాలేయం కరిగిపోయుంటుంది."

మర్డో ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. "రుచి మాత్రం బాగుంది," అన్నాడతను.

"మరి రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?" అంది ఎల్స్‌పెత్.

"పిల్లలకి ఒక పరీక్ష నేర్పుతారు. కాడ చుట్టూ ఉంగరంలా ఉంటుంది. మంచిదానిది పైకీ కిందకీ జరుగుతుంది, చెడ్డదానిది జరగదు. నాకెందుకండీ అవన్నీ? నేను దగ్గరికెళితే పుట్టగొడుగే పేరు చెప్పుకుంటుంది. ఒకసారి మావూళ్ళో పందెం కట్టి ఆ విషపుదాన్ని పచ్చిగా తిన్నాను కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకేం కాలేదు. ఆ చుట్టుపక్కల పుట్టగొడుగులన్నీ వాడిపోయాయి."

కోతలు కోసేవాడి మాటల్లో ఏది నిజమో ఏది అబద్ధమో వడపోసుకోవడం ఎల్స్‌పెత్‌కి ఎప్పుడూ ఒక సరదా. ఇప్పుడు ఆ పనే ఆమెకి ప్రాణసంకటమైంది. బండిచక్రమంత గొడుగు అబద్ధం. జర్మనీ వాళ్ళు అబద్ధం. కళ్ళజోడు విరిగింది మాత్రం నిజం, జేబులో ముక్కలు కనబడుతూనే ఉన్నాయి. మంచు నిజం, పొద్దున తనే కిటికీలోంచి చూసింది. ఉంగరం కదిపి చూడకపోవడం కూడా నిజమే అయ్యుంటుంది. ఒకరింట్లో కూచుని వాళ్ళ వంటకి వంక పెట్టకూడదని తల్లి నేర్పిన పాఠం గొంతుకి అడ్డం పడింది. తినమని మర్డోని తరిమింది తనే. రేపు ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి, మర్యాద కోసం మొగుణ్ణి చంపుకున్నానని చెప్పాలా?

బోజెనా మళ్ళీ వచ్చింది. ఆమె వడ్డించబోతుంటే ఎల్స్‌పెత్ లేచి మొగుడి చేతిలోంచి కంచం లాగేసుకుంది. ఆమె తన జన్మలో అంత మొరటు పని చేసి ఎరగదు.

"బొగుమిల్, నిజం చెప్పు. ఒక్కదానికైనా ఉంగరం కదిపి చూశావా?"

బొగుమిల్ ఎర్రటి మొహం నెమ్మదిగా పాలిపోయింది. అతను చూడలేదని ఆ మొహమే చెప్పింది. ఎల్స్‌పెత్ బల్ల అంచు పట్టుకుంది.

బోజెనా చేతిలో పళ్ళెం బల్లమీద పెట్టి కూచుంది. మొగుడివైపు చూడకుండా ఎల్స్‌పెత్ చెయ్యి పట్టుకుంది.

"భయపడకమ్మా. మీరు తిన్నవి పెర్త్‌లో కూరల కొట్టువి. నిన్న బస్సెక్కి వెళ్ళి తెచ్చాను. ఆయన తెచ్చినవి ఆయన బూట్లు విప్పుకునేలోగా చెత్తబుట్టలోకి పోతాయి."

"ఇవాళా?" అన్నాడు బొగుమిల్.

"ఏ రోజైనా. రొట్టెపొడి అద్ది వేయిస్తే చెప్పుముక్కని పెట్టినా నువ్వు కానియా అనే అంటావు. చూపు మందగించిన దగ్గర్నించీ నీకు చెప్పలేక, నిన్ను ఆపలేక చస్తున్నాను. ఇవాళ బుట్టలో రెంటికి కాడ అడుగున విషపుదానికుండే తెల్లటి సంచి ఉంది."

ఎల్స్‌పెత్‌కి ప్రాణం లేచొచ్చింది. మర్డో భుజంమీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొగుమిల్ మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. తెల్లబోయి పెళ్ళాం మొహమే చూస్తున్నాడు.

"బోజెనా, బుట్ట ఇంటికి తెచ్చేటప్పటికి సగమే. తొమ్మిదింటికే మిగతా సగం గిల్‌క్రిస్ట్ మాస్టారికిచ్చాను."

గిల్‌క్రిస్ట్ మాస్టారు వంతెన పక్కన ఒంటరిగా ఉండే ముసలాయన. మధ్యాహ్నం భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. బొగుమిల్ ఫోను తీశాడు గాని, కళ్ళజోడు లేక అంకెలు కనబడలేదు. బోజెనా లాక్కుని కలిపి బల్లమీద పెట్టింది. అందరికీ వినిపించేలా ఆయన గొంతు పలికింది. పుట్టగొడుగులు తిన్నారా అని అడిగింది బోజెనా.

"తినకేం తల్లీ, అమోఘం. అంత రుచి నా జన్మలో ఎరగను. బొగుమిల్‌కి నా ధన్యవాదాలు చెప్పు," అన్నాడాయన.

బొగుమిల్ కుర్చీలో కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. బోజెనా పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో. ఎల్స్‌పెత్ ఫోను మీదికి వంగింది. తనవాళ్ళు ఆమెకి తెలుసు. నిజంగా నచ్చితే స్కాట్లండు మనిషి ఫర్వాలేదని ఊరుకుంటాడు, ఇంతింత పొగడ్తలు నోట్లో పెట్టనివాటికే.

"మాస్టారూ, నేను ఎల్స్‌పెత్‌ని. ఇది మర్యాదలు చూసుకునే వేళ కాదు, మనిషి ప్రాణం సంగతి. అవి మీ కడుపులోకి పోయాయా, పెరట్లోకి పోయాయా?"

వాన చూరుమీదనుంచి కారుతోంది. బోజెనా బల్లమీద పెట్టిన పళ్ళెంలోంచి తీసుకున్న ముక్కని మర్డో కూడా నమలడం ఆపేశాడు.

"పెరట్లోకే," అన్నాడాయన చివరికి, సిగ్గుగా. "ఎరువు గుంటలోకి. ఏటా అక్కడికే. ఆ పిల్లాడు నొచ్చుకుంటాడని చెప్పలేదమ్మా. తెలియనివ్వకు."

ఎల్స్‌పెత్ ఫోను పెట్టేసింది. బొగుమిల్ మొహం మీదనుంచి చేతులు తీశాడు, కళ్ళు తడిగా ఉన్నాయి.

"అంటే ఈ దేశానికొచ్చాక నేను ఏరిన పుట్టగొడుగు ఒక్కటి కూడా ఎవరూ తినలేదా?"

"అందుకేగా," అంది బోజెనా, "అందరూ బతికున్నారు."