మంత్రికి పోయని గంజి

ఆ కరువేడు గంజి కేంద్రాలన్నీ మూసేయాలని ఢిల్లీ మంత్రివర్గం తీర్మానించింది. ఆ వారమే మంత్రుల్లో ఒకడు, మా యాడికి ఊరికి పక్క పల్లెవాడు, మా గంజి కేంద్రానికి వచ్చి, గంజి వండే తన మేనత్త పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పెద్దమనిషి ఎవరొచ్చినా ఆయన మొదటి గిన్నె తాగాకే మా వరుస కదిలేది. ముందు నిలబడిన నాకు అంతా వినబడింది.

“మూయమన్నది నువ్వేనంట కదప్పా?”

“నేను వద్దనే అన్నా అత్తా. మంత్రులంతా కూర్చున్నప్పుడు గొంతు పోయేటట్టు అరిచినా. ఎక్కువమంది మూయాలనిరి.”

“ఆ మాటే ఈ జనానికి చెప్పు.”

“చెప్పకూడదు. లోపల ఎంతైనా కొట్లాడొచ్చు, బయటికొస్తే అందరిదీ ఒకటే నోరు. ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి. మంత్రులు తేల్చినాంక రాణి కూడా సంతకం పెట్టాల్సిందే.”

“ఆ రాణి ఏ పొద్దన్నా ఈ వరుసలో నిలబడిందా? చెప్తే ఏమైతాది?”

“రాజీనామా ఇయ్యాల.”

“ఇచ్చేయ్.”

“ఇచ్చేస్తే మీ కోసం లోపల అరిచేవాడు యాడుంటాడు?”

“నువ్వు అరిచినందుకు ఈ పొయ్యి రేపు మండుతాదా?”

ఆయన మా వరుస వైపు చూసి చెయ్యి చాచాడు.

“జనం చూస్తాండారు. గిన్నె ఇయ్యత్తా.”

“అందరిదీ ఒకటే నోరంటివి. మూయమన్న ఆ నోట్లో నా చేత్తో గంజి పొయ్యను.”

మొదటి గిన్నె నా చేతిలో పెట్టింది.