అడ్రసు గడి

హలో… ఆ, నేనే. ఈ గదిలో ఇంకెవరున్నారని ఎత్తడానికి?… ఎవరూ, లైబ్రరీ అమ్మాయివా? ఉండు, ఫోను భుజం మీద ఆనించుకుంటాను. సంచి సర్దుతున్నా, చేతులు ఖాళీ లేవు.

…ఎక్కడికీ కాదు. మీ పుస్తకాలే. తెచ్చి ఇచ్చేసి, నా కార్డు కూడా నీ బల్ల మీద పెట్టేసి వస్తాను. మీ లైబ్రరీకీ నాకూ ఇంక చెల్లు.

…అమ్మమ్మా అని అంత మెత్తగా పిలవకు. నీ గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుందేం? పక్కన ఎవరైనా వింటున్నారా?… స్పీకర్లో పెట్టలేదు కదా?… సరే, నమ్మాననే అనుకో.

…నాలుగు మంగళవారాలుగా అక్షరాల బల్ల దగ్గర ఒక్కరూ లేరా… నాకేం తెలుసు?

…తెలుసులే. నేనే వద్దన్నాను. గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేశాను.

…ఎందుకేమిటి? నువ్వు పంచిన ఆ ఫారం ఎందుకు? పేరు, వేలిముద్ర, ఉండే చోటు… ఏడేళ్ళుగా అక్కడ చదువు చెబుతున్నాను, ఎవరినీ ఎక్కడుంటావని అడగలేదు. నేను పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. కాగితం ఎందుకొచ్చిందో వాసన చూసి చెప్పగలను.

…అందరికీ కార్డులా… అందరినీ కలుపుకోవడానికా… అమ్మాయ్, ఆ మాట నాకు కొత్త కాదు. నాకు పదేళ్ళప్పుడు మా వీధికి ఇద్దరొచ్చారు. అందరికీ ఇళ్ళిస్తామన్నారు. మా అన్న పేరు రాసుకుని, ఇల్లు చూపిస్తామని లారీ ఎక్కించారు. రెండు చొక్కాలు మడతపెట్టి ఇచ్చింది అమ్మ… అంతే. ఇంకేం అడక్కు.

…ఇస్త్రీ బండి ఆవిడా? ఆవిడకే ముందు చెప్పాను. గోదాము వెనక రేకుల కింద పడుకునే మనిషి, ఏ చోటని రాస్తుంది? రాయకపోతే ఏదో దాస్తోందంటారు. రాస్తే మర్నాడే రేకులు పీకేస్తారు. ఇది నేరుగా పోలీసులకి వెళ్ళే ఫారం అన్నాను… ఆ, నేనే అన్నాను.

…ఇన్నాళ్ళూ నా కార్డు మీదే పుస్తకాలు తీసుకుంది, నిజమే… నీకు తెలిసే ఊరుకున్నావా?… హుఁ.

…ఏంటి?… మళ్ళీ చెప్పు… ఆవిడ ఫారం నువ్వే నింపావా? అడ్రసు గడిలో ఏం రాశావూ?

…లైబ్రరీ అడ్రసా.

…ఉండే చోటు లేనివాళ్ళందరికీ అదేనా… లైబ్రరీ తలుపు నంబరే… దానికి పైవాళ్ళు ఎలా ఒప్పుకున్నారు?… నాలుగుసార్లు తిరిగావా వాళ్ళ ఆఫీసు చుట్టూ… మరి వేలిముద్ర?… సంతకం రానివాళ్ళకేనా… ఆవిడకి వచ్చు సంతకం. నేనే నేర్పాను.

…ముందే చెప్పి ఏడవచ్చు కదా నాతో… చెప్పబోయావా… అవును. నీ మాట పూర్తి కాకుండానే లేచి వచ్చేశాను.

…ఫారం వెనకవైపు రాసుందా? అడ్రసు లేనివాళ్ళకి అని, పెద్ద అక్షరాల్లో?… నేను… వెనక్కి తిప్పలేదమ్మా.

…లేదు, వింటున్నాను. చెప్పు.

…ఆవిడ కార్డు తయారైందా… పేరు ఎలా వేశారు? చదువు… పూర్తి పేరే వేశారా. ఆవిడని అలా పిలిచినవాళ్ళు లేరు. ఏయ్ ఇస్త్రీ అనేగా అందరూ.

…పంపలేనమ్మా… పంపనని కాదు. ఆవిడ లేదు.

…ఎక్కడికని చెప్పలేదు. ఎవరికీ చెప్పకుండా పో అని చెప్పింది కూడా నేనే. బండి పక్కవాళ్ళకి ఇచ్చేసింది, ఎప్పుడెళ్ళిందో వాళ్ళే చెప్పారు. ప్రతి ఆదివారం వెళ్ళి చూస్తున్నాను. ఆ రేకుల కింద బొగ్గు మసి తప్ప ఏం లేదు… తప్పించాననుకున్నాను అమ్మాయ్. ఈ ఫోను ఎత్తేదాకా ఆవిడని ఎవరి చేతుల్లోంచో తప్పించాననే అనుకున్నాను.

…అలా అనకు. నువ్వు ఓదార్చకు నన్ను.

…ఎన్నాళ్ళుంచుతారు ఆ కార్డు?… తీసుకోనివాటికి కారణం రాయాలా… చిరునామా మారిందని రాయకు. ఆవిడకి ఉన్న చిరునామా మీదే… వద్దు, ఇష్టం లేదనీ రాయకు. ఇష్టపడింది.

…సరే, నేను చెబుతాను, రాసుకో… రాస్తున్నావా?

ఇస్త్రీ బండి ఆవిడ పోయిన నెల పదో తేదీ, గురువారం పొద్దున, మొదటి బస్సెక్కి వెళ్ళింది. తిరిగి రాలేదు.

…అంతే. పెట్టేయ్.