కాలరక్క వాళ్ళ నాన్న డ్యూటీ

కూర్చో అల్లుడూ. ఆ చొక్కా ఎక్కడ కుట్టించావు? నవ్వుతావేంటి, ఆ కాలర్ చూసుకో, ఒక పక్క కుక్క చెవిలా వాలిపోయింది. ఎంత తీసుకున్నాడు? వద్దులే, చెప్పకు, నా బీపీ పెరుగుతుంది. మా కాలరక్క ఉండుంటే నీ ఒంటి మీదే కుట్లు విప్పేసేది. ఎవరా? నీకు తెలీదులే, నువ్వు పుట్టేనాటికే పోయింది. నా సైకిల్ షాపుకి ఎదురుగా కింద ఆవిడ కుట్టు మిషను, పైన రెండు గదులు. అసలు పేరు ఏదో ఉండేది గానీ ఎవరూ వాడలేదు. ఆవిడ కుట్టిన కాలర్ గీత గీసినట్టు నిలబడేది, అందుకని కాలరక్క. నాకంటే నాలుగేళ్ళు చిన్నదే, అయినా నేనూ అక్కా అనేవాణ్ణి, ఆవిడేమో నన్ను అన్నా అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోకుండానే ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. పెళ్ళీ గిళ్ళీ లేదు. తండ్రిని చూసుకుంటూ ఉండిపోయింది.

ఆఁ, ఆ తండ్రి సంగతే చెప్పాలి నీకు. ఆయన నీళ్ళ శాఖలో వాల్వులు తిప్పే మనిషి. రోడ్డు మీద ఇనప మూతలుంటాయి చూడు, అవి ఎత్తి, పొడుగాటి కడ్డీ లోపలికి దింపి తిప్పితే ఆ వీధికి నీళ్ళొస్తాయి. ముప్పై నాలుగేళ్ళు అదే పని. రిటైరయ్యాడు, భార్య పోయింది, ఆ తర్వాత మెల్లిగా మతి జారడం మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయేవాడు, అది మనందరికీ ఉన్నదే. తర్వాత ఆ కళ్ళజోడు ఎందుకో మర్చిపోయాడు. ఆఖరికి కూతురితోనే, "ఏమ్మా, ఇక్కడ బట్టలు కుట్టే ఆవిడ రోజూ నాకు భోజనం పెడుతుంది, పాపం ఎవరి బిడ్డో" అనేవాడు. ఆవిడ మిషను తొక్కుతూనే, "అవునండీ, మంచిదే, కాస్త నోరెక్కువ" అనేది. నేను ఇవతల పంక్చర్ వేస్తూ నవ్వేవాణ్ణి. నవ్వాలో వద్దో తెలిసేది కాదనుకో.

కాలరక్కకి తమ్ముడు ఒకడుండేవాడు, బ్యాంకులో గుమస్తా, రెండు వీధుల అవతల కాపురం. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. మందుల డబ్బు నెల తిరక్కముందే పంపేవాడు, డాక్టరు ఫీజు తనే కట్టేవాడు. డబ్బు నాది, మనిషి నీది అని పంచుకున్నారన్నమాట. డబ్బు నెలకోసారి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు, మనిషి అలా కాదుగా. రోజూ సాయంత్రం నాలుగు కొట్టేసరికి ఈయన చెప్పులేసుకుని మాయం. ఈవిడ కత్తెర పడేసి వీధులన్నీ వెతుక్కోవడం. డాక్టరు మగతగా పడుకోడానికి మాత్రలిచ్చాడు. ఆ మగతలోనే మెట్ల మీంచి దొర్లి నుదురు చీరుకున్నాడు, ఆరు కుట్లు. అప్పుడు తమ్ముడొచ్చి, "తాళం వెయ్యక్కా, ఏ లారీ కిందో పడితే ఏం చేస్తాం" అన్నాడు. తప్పుడు మాటేం కాదు. వేసింది. నేను నా కొట్లోంచి విన్నాను అల్లుడూ, పైన తలుపు బాదుతున్నాడు, "తియ్యండయ్యా, జనం బిందెలు పెట్టుకుని కూచున్నారు, తియ్యండి" అని. గంటసేపు బాదాడు. తీసి చూస్తే వేళ్ళ కణుపులన్నీ చిట్లిపోయి ఉన్నాయి. ఆవిడ ఆ తాళం తెచ్చి నా పనిముట్ల డబ్బాలో పడేసి, "అన్నా, అసలు ఈయన ఎక్కడికి పోతాడో మనమెవరం ఎప్పుడైనా చూశామా? వెతికి లాక్కొచ్చాం గానీ" అంది.

మర్నాటి నుంచి నాలుగింటికి కొట్టు మూసి ఆయన వెనకాలే నడిచింది. మెళ్ళో టేపు, చేతిలో బట్ట మీద గీసే సుద్దముక్క. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ రోడ్డు మీద ఒక గీత. పది రోజులు పోయాక చూస్తే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏడు చోట్లు, రోజూ అవే, అదే వరసలో. ఆయనతో పనిచేసిన ముసలాయన్ని పిల్చుకొచ్చి చూపిస్తే, "అరె, ఇది మా పాత సాయంత్రం లైనమ్మా! రెండు మూతల మీద తారు కూడా పోసేశారు, ఎలా కనిపెట్టాడీయన?" అని నోరు తెరిచాడు. ఈయన వంగి, ఖాళీ చేతుల్తోనే కడ్డీ పట్టుకున్నట్టు పట్టి, ఒకటి, రెండు, మూడు అని పద్నాలుగు తిప్పులు లెక్కపెట్టేవాడు. కూతురి పేరు గుర్తులేని మనిషి! పద్నాలుగు దాటి పదిహేను అనలేదు ఒక్కనాడూ. నాకిప్పటికీ అర్థం కాదు, ఏది జారిపోవాలో ఏది మిగలాలో లోపల ఎవరు తేలుస్తారంటావు?

ఏం చెప్తున్నాను? ఆఁ, కడ్డీ. ఒక కడ్డీ చేసిపెట్టు అన్నా అంది. అసలు కడ్డీ ఆ వయసులో ఎత్తలేడని నేను సైకిల్ గొట్టాలు అతికి, పైన అడ్డ పిడి పెట్టి, నల్ల రంగు కొట్టి ఇచ్చాను. చేతిలో తూచి చూశాడయ్యా, నా మొహాన, "ఇది మా స్టోర్ల సరుకు కాదు, తేలిక" అని తిరిగిచ్చేశాడు! నా పనిని అలా కాదన్నవాడు మరొకడు లేడు. మళ్ళీ గొట్టం నిండా ఇసక పోసి మూతలు బిగించి ఇచ్చాను. అప్పుడు తలాడించి భుజాన వేసుకున్నాడు. ఆ రోజు నుంచి నడకలో తడబాటు తగ్గింది, మాత్రలు లేకుండానే రాత్రి నిద్రపోతున్నాడని చెప్పింది. జబ్బు తగ్గిందనుకునేవు, జబ్బు జబ్బే. మనిషి కుదుటపడ్డాడు, అంతే.

కానీ ఆవిడ బేరాలు పోయాయి. బడులు తెరిచే రోజులు, యూనిఫాంల కోసం వచ్చినవాళ్ళు మూసిన తలుపు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. తమ్ముడు ఇంకో వంద కలిపి పంపితే తిప్పి పంపింది. "డబ్బొద్దు, ఒక పూట గంటన్నర పంపు" అని కబురు. వాడు ఒక ఆదివారం వచ్చాడు, మొహం చిట్లించుకుని, ఎవరైనా చూస్తారేమోనని నాలుగడుగులు వెనక నడుస్తూ. నాలుగో మూత దగ్గరే వాళ్ళ మేనేజరు ఎదురయ్యాడు. "ఏంటయ్యా, ఇక్కడేం చేస్తున్నావు?" ముసలాయన కడ్డీ ఆపి, మేనేజరుకి దండం పెట్టి, "కొత్తగా చేరాడండీ. పని నేర్పిస్తున్నాను. కుర్రాడు నెమ్మదస్తుడు, మీరేం కోప్పడకండి" అన్నాడట. వాడే నా కొట్లో ఈ బల్ల మీద కూచుని చెప్పాడు నాకు. ఆ తర్వాత కడ్డీ వాడి చేతికిచ్చి, "చేత్తో కాదు నాయనా, నడుంతో తిప్పాలి, లేకపోతే నలభై ఏళ్ళకే భుజం పోతుంది" అన్నాడట. "మా నాన్న భుజం నొప్పని రాత్రిళ్ళు మూలిగేవాడన్నా, ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు" అని, ఇంతటి మగాడు, నా నూనె గుడ్డ తీసుకుని మొహం తుడుచుకున్నాడు. నల్లగా అయిపోయింది మొహమంతా. ఇక ఆదివారాలు వాడివే. తర్వాత బుధవారం కూడా వచ్చేవాడు, పర్మిషన్ పెట్టి.

రెండేళ్ళ పైన సాగింది. తర్వాత కాళ్ళు పడిపోయి మంచం పట్టాడు, మూడు నెలలకి పోయాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ దగ్గరే ఉన్నారు. అందరూ కాలరక్కని దేవత అన్నారు. ఆవిడకి ఆ మాట అంటే ఒళ్ళు మంట. ఆయన ఇంకా తిరుగుతున్న రోజుల్లోనే ఒకసారి మెట్ల మీద కూచుని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. ఏమైందక్కా అన్నాను. "ఇవాళ కొట్టాను అన్నా. కుట్టిన చొక్కాలన్నీ తడిపేశాడు. చెంప మీద కొట్టాను. ఆయన నన్ను చూసి, ఆ కుట్టే ఆవిడతో చెప్తానుండు అన్నాడు" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. లోపలికెళ్ళి బట్టలు మళ్ళీ ఉతికి ఆరేసి, నాలుగింటికి ఆయన్ని తీసుకుని బయల్దేరింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇదంతా కళ్ళారా చూసినవాణ్ణి కదా నేను. కడ్డీ చేసిచ్చినవాణ్ణి. మీ అమ్మమ్మకి, అదే మా అమ్మకి... మీ అమ్మ చెప్పి ఉండదులే నీకు. పన్నెండేళ్ళ తర్వాత మీ అమ్మమ్మా అలాగే సంచీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది, పొద్దున్నే, తల దువ్వుకుని మరీ. షాపు తెరవాలి, పిల్లల పరీక్షలు, మీ అత్తకి నడుం నొప్పి. బయట గొళ్ళెం పెట్టేవాళ్ళం. ఆవిడ తలుపు బాదలేదు. గుమ్మం దగ్గర సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచునేది, మధ్యాహ్నం దాకా. ఎక్కడికమ్మా అని ఒక్కసారి... ఎక్కడికి వెళ్ళాలనుకుందో మరి.

ఆ ఫ్యాను కాస్త తగ్గించు అల్లుడూ. చలేస్తోంది.