పలక మీద ఆగిన మనిషి

ఈ వీడ్కోలు సభ అధ్యక్షులు న్యాయమూర్తి హాలెట్ గారికి, ఫాదర్ మెరివేల్ గారికి, ఓడల వర్తకులకు, రేవు పెద్దలకు, వెనక కిటికీల దగ్గర నిలబడ్డ మీ అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ నాలుగేళ్లు కొట్టుకుంటుంటే, మన సెయింట్ బెరిల్ దీవి గవర్నరుగా నేను ఎటూ మొగ్గలేదని హాలెట్ గారు ఇంతసేపూ పొగిడారు. అదెంత కష్టమో ఒక ఆదివారం ఉత్తరాది ఓడ కెప్టెనూ దక్షిణాది ఓడ కెప్టెనూ ఒకే చర్చికి వచ్చినప్పుడు తెలిసింది. ఎవరిని ముందు కూర్చోబెట్టినా రెండోవాడు అలుగుతాడని ఇద్దరినీ రెండో వరుసలో కూర్చోబెట్టి మొదటి వరుస ఖాళీగా ఉంచితే, ఊళ్లో భక్తి తగ్గిపోయిందని ఫాదర్ గారు నెల రోజులు నన్ను దులిపేశారు. (నవ్వులు) మీరూ నవ్వండి ఫాదర్, ఇప్పుడు ఫర్వాలేదు.

ఇద్దరి ఓడలకూ ఒకే కొలత బొగ్గు. ఒకరి ఓడ బయల్దేరితే రెండోవారిది ఒక రోజంతా ఆగాలి. వచ్చిన ప్రతివాడితోనూ ఒకటే మాట, "నేను ఎవరి పక్షమూ కాదండీ." నిద్రలో కూడా అదే అంటున్నానని నా భార్య ఆటపట్టించేది.

యుద్ధం మూడో ఏడు మార్చిలో దక్షిణాది ఓడ ఒకటి బయల్దేరబోతోంది. దాని వంటవాడు ప్రైమస్, బకెట్టు పట్టుకుని, ఓడకూ రేవుకూ మధ్య వేసిన పలక మీద సగం దాకా వచ్చి ఆగాడు. అతను బానిస. మన ఇంగ్లండు రాణిగారి నేల మీద కాలు పెట్టిన బానిస ఆ క్షణం నుంచి స్వతంత్రుడని ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. అతనికే తెలియదు. నన్ను చూసి మెల్లగా అడిగాడు: "దొరా, ఇక్కడ దిగితే నేనెవరి మనిషినండీ?"

నేను... క్షమించండి. నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "నేను ఎవరి పక్షమూ కాదు."

అతను తలూపి, వెనక్కి తిరిగి ఓడెక్కాడు. నేనేమన్నానో నాకు తెలిసేసరికి పలక లాగేస్తున్నారు. ఆపమని అరిస్తే అది ఒక పక్షం వహించినట్టవుతుందా, కాదా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. కొన్ని రోజులు అవునంటాను, కొన్ని రోజులు కాదంటాను.

రేవులో శంఖం నత్తల మాంసం అమ్మే కెజయా, అదిగో ఆ కిటికీ దగ్గరుంది, అప్పుడు నా పక్కకొచ్చి, "దొరగారూ, ఆయన మిమ్మల్ని యుద్ధం సంగతి అడగలేదు" అంది. ఆ నెల నా నడతను మెచ్చుకుంటూ లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. చదివి సిగ్గుపడ్డాను. అయినా చించలేదు, ఎందుకో నాకే తెలియదు.

కొత్తగా వచ్చే గవర్నరుగారికి చెప్పండి. ఓడల మధ్య ఎటూ మొగ్గవద్దు. పలక మీద మనిషి అడిగితే మాత్రం "దిగు నాయనా" అనాలి. రెండే మాటలు. నాకు రాలేదు.

మీ ఆదరానికి కృతజ్ఞుణ్ని. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. ప్రైమస్ దగ్గర ఎలా తీసుకోవాలో, అసలు ఇస్తాడో లేదో నాకు తెలియదు. మీ వరకే, సెలవు.