సెడ్రిక్ బాయిలర్‌కి బీమా

ఏంటమ్మాయ్ కీలీ, బాయిలర్ బీమా కాగితాలా అవి? ఇలా తే. నా కళ్ళజోడేదీ... ఆ, నెత్తి మీదే ఉంది. ఊఁ, మూడు రకాలు. ఒకటి ఉత్త బాయిలర్‌కే. రెండోది గదులు వెచ్చబెట్టే రేడియేటర్లూ గొట్టాలూ కలిపి. మూడోది కరెంటు తీగలూ తూములూ అన్నీనూ. చవగ్గా ఉందని మొదటిది తీసుకునేవు, జాగ్రత్త. వెనకాల చిన్నక్షరాలు చదివావా? చదవలేదూ! చలికి బయటి గొట్టం గడ్డకడితే వస్తారా రారా, అది చూడు ముందు. ఏడాదికోసారి వాళ్ళ మనిషి వచ్చి శుభ్రం చేస్తాడా, అదీ చూడు. నవ్వుతావేం? నలభై ఏళ్ళు ఈ డర్హమ్ చుట్టుపక్కల బాయిలర్లు బిగించినవాణ్ణి, నాకు తెలీదా?

సెడ్రిక్ కూడా ఇలాగే తెచ్చాడు కాగితాలు. నువ్వు ఈ వీధికి రాకముందే పోయాడులే, పద్నాలుగేళ్ళయింది. ఆ మూల ఇల్లు, ఇప్పుడు ఆకుపచ్చ తలుపు పెట్టారే, అదే. బస్సు కండక్టరుగా చేశాడు. పోటీకి ఉల్లిగడ్డలు పెంచేవాడు, ఒక్కోటి పసిపిల్ల తలంత. సెప్టెంబర్లో క్లబ్బులో పెడతారుగా, ఎప్పుడూ రెండో బహుమతే వచ్చేది పాపం. ఆ జడ్జీలని ఎంత తిట్టుకునేవాడో... ఏం చెబుతున్నా? ఆ, కాగితాలు. 'రాల్ఫ్, రెండోదా మూడోదా, నువ్వే చెప్పరా' అన్నాడు. రెండోదానికి టిక్కు కూడా పెట్టుకొచ్చాడు, సంతకం ఒక్కటే తక్కువ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కంపెనీలొచ్చాకేగా నాకు పని తగ్గింది! 'నేను చచ్చాననుకున్నావుట్రా? నా చేత్తో బిగించిన బాయిలర్‌ని ముక్కూమొహం తెలీనివాడెవడో వచ్చి విప్పుతాడా? నేనే నీ బీమా, పో' అని కాగితం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశా. గొప్పగా అనిపించింది నాకు. వాడి మొహం చిన్నబోయింది. 'సరేలేరా, నీకు కోపమొస్తే వద్దులే. టీ పెట్టు' అన్నాడు. అంత మెత్తని మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు.

ఆరేళ్ళు బాగానే గడిచింది. ఏటా నేనే వెళ్ళి శుభ్రం చేసేవాణ్ణి. తర్వాత ఓ జనవరిలో మోకాలు ఆపరేషనయి, నేను ఎక్కడో దక్షిణాన ప్లిమత్‌లో మా అమ్మాయి దగ్గర పడున్నా. ఇక్కడేమో మైనస్ పదకొండు. ఫోన్ చేశా, ఒకసారి కాదు, మూడుసార్లు. 'ఎలా ఉన్నావురా?' అంటే 'నాకేంరా, దుక్కలా ఉన్నా. నీ మోకాలు సంగతేంటి?' అంటాడు. దగ్గాడు కూడా. 'సిగరెట్లు తగ్గించు వెధవా' అని నవ్వా. నవ్వానమ్మాయ్! అప్పటికి నాలుగు రోజులుగా బాయిలర్ వెలగడం లేదు. పక్కింటి డోరీన్ 'ఎవర్నైనా పిలవనా సెడ్రిక్?' అని అడిగిందట. 'వద్దమ్మా, వేరేవాళ్ళు చెయ్యి పెడితే రాల్ఫ్ నొచ్చుకుంటాడు. మంగళవారం వచ్చేస్తాడుగా' అన్నాట్ట. పోనీ మా ఇంటికి రమ్మంటే 'నీకెందుకమ్మా శ్రమ' అన్నాట్ట. మనవాళ్ళ రోగమే అది, ప్రాణం మీదికొచ్చినా ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. ఓవర్‌కోటూ టోపీ వేసుకుని కుర్చీలో కూచున్నాడు. ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. ఆస్పత్రిలో మూడో రోజు పోయాడు.

కర్ర పట్టుకుని వాడింటికెళ్ళా. బాయిలర్‌కి ఏమైందనుకున్నావ్? ఏమీ కాలేదు. వెనక గోడ మీద, బాయిలర్‌లోంచి నీళ్ళు బయటికి పోయే ప్లాస్టిక్ గొట్టం ఉంటుందే, అది గడ్డకట్టి మూసుకుపోయింది, దాంతో బాయిలర్ తనంతట తానే ఆగిపోయింది. కెటిల్లో నీళ్ళు కాచి దాని మీద పోశా. ఒక్క కెటిల్. ఠక్కున వెలిగింది. ఫోన్లో ఒక్క ముక్క చెబితే నేనే చెప్పేవాణ్ణి, డోరీన్ పోసేది. కాసేపటికి రేడియేటర్లన్నీ వేడెక్కాయి. ఎవరి కోసం? వాడి కుర్చీ దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చా.

అనకు. నా తప్పు కాదని అనకు, డోరీన్ కూడా అదే అంటుంది. ఇదిగో పెన్ను, రెండోదానికి సంతకం పెట్టు. రేపు బాయిలర్ ఆగిపోతే నేను ఎదురింట్లో ఉన్నా సరే, వాళ్ళకే ఫోన్ చెయ్యి బంగారం. నేనేం నొచ్చుకోను. విన్నావా? అస్సలు నొచ్చుకోను.