బస్సు పడని పిల్లాడు

రా కీనన్, ఆ మధ్య కుర్చీలో కూర్చో, పక్కది కిర్రుమంటుంది. ఏమన్నావ్? మీ ఆవిడ స్కూలు బోర్డుకి నిలబడుతోందా? ఓట్లడిగేటప్పుడు పక్కనుండి ఏం చేయాలో నన్నడిగి రమ్మందా? సరైన మనిషి దగ్గరికే పంపింది. ముందు ఒక్కటి చెప్పాలి, నా గొంతు మంచి గొంతు. గొప్పకి చెప్పుకోవడం కాదు సుమా. దేవుడిచ్చింది దాచుకుంటే దొంగతనం కదా, అందుకని నేను బతుకులో ఎప్పుడూ దాచలేదు. చర్చిలో నేను మంద్రంలో అందుకుంటే బెంచీలు వణికేవి. "బెంచీలు కాదు ఎల్‌వుడ్, వాటి మీద కూర్చున్నవాళ్ళు" అనేది మా ఆవిడ అర్డెలియా. తల వంచు, మెడ మీద జుట్టు తీయాలి. ఇంకొంచెం. నువ్వు ఆవిణ్ణి చూళ్ళేదులే, నువ్వు పుట్టేనాటికే పోయింది.

ఆవిడ బోర్డుకి నిలబడిన ఏడు, అదే, నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి చదవాలని కోర్టు తీర్పొచ్చిన ఏడు. వంతెన ఇవతలి మన పిల్లల్లో కొందర్ని అవతలి తెల్లవాళ్ళ బళ్ళకి, అక్కడి పిల్లల్లో కొందర్ని మన బళ్ళకి, వచ్చే సెప్టెంబరు నుంచి బస్సుల్లో పంపాలన్నారు. ఇంక ఊళ్ళో వేరే మాట ఉంటే ఒట్టు. ఇదే కుర్చీలో గడ్డానికి సబ్బు రాయించుకున్నవాడు రాయించుకున్నట్టే లేచి నిలబడి వాదించేవాడు. నా కత్తికి ఎన్ని చెవులు తృటిలో తప్పిపోయాయో. వంతెన అవతల గోడల నిండా ఒకటే రాత, "మాకు బస్సు పడదు" అని. పోనీ ఇవతలేమైనా తక్కువా? మా చర్చి పెద్ద డీకన్ టిబ్స్ మా ఆవిణ్ణి పట్టుకుని ముక్కుతో అనేవాడు: "సిస్టర్ ప్రూయిట్, నా మనవరాలు చీకటితో లేచి, వంతెన దాటెళ్ళి, వాళ్ళ చేత రాళ్ళేయించుకోవాలా? ఆ బస్సుల ఖర్చేదో పెట్టి మన బడి కప్పు బాగుచేయించమను!" అర్డెలియా ఏమనేది? "కప్పు కోసమూ కొట్లాడతాను డీకన్ గారూ. కానీ బస్సొస్తుంది, మీరొద్దన్నా వస్తుంది. దాంట్లో పిల్ల ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది, అది చూసేవాళ్ళొకరు బోర్డులో ఉండద్దూ?" అనేది. అటు అవుననదు, ఇటు కాదనదు. ఇరుపక్కలా చీవాట్లే.

నా పనా? నేను భార్యని. నవ్వకు, చెవి తెగుతుంది. అప్పట్లో నిలబడేవాళ్ళందరూ మగాళ్ళే కదా, ఊరి మహిళాసంఘం వాళ్ళు "అభ్యర్థుల భార్యలకి తేనీటి విందు" అని పిలుపు పంపారు. అర్డెలియా తరఫున ఎవరెళ్తారు? నేనే. ఉన్న ఒక్క సూటూ వేసుకెళ్ళా. గుమ్మంలో ఒకావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, ఏం చేయాలో తోచక, అందరికీ గుచ్చినట్టే నా ఛాతీకీ ఓ గులాబీ గుచ్చి, కింద "శ్రీమతి ప్రూయిట్" అని చీటీ అంటించింది. మధ్యాహ్నమంతా శ్రీమతి ప్రూయిట్‌నే. కేకు మాత్రం బాగుంది.

అసలు పని గడప గడపకీ తిరగడం. పంచడానికి మసిగుడ్డల మీద ఆవిడ పేరు అచ్చేయించాం. మనకి ఓటెయ్యనివాడికైనా వేడి గిన్నె దింపక తప్పదు కదా! సంచీ మోత నాది. ఆవిడ ఓ పని చేసేది చూడూ, దాంతో నాకు పిచ్చెక్కేది. తలుపు తీయగానే ఒక్క ప్రశ్న: "బస్సంటే మీకు భయమేంటండీ?" అంతే, ఇంక మాట్లాడదు. నిలబడుతుంది. వాళ్ళు కోపంగా చూస్తారు, తల గోక్కుంటారు, లోపల కుక్క మొరుగుతుంది, ఈవిడ కదలదు. నాకేమో ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఖాళీ కనిపిస్తే పూడ్చేయాలి నాకు. "చల్లగా ఉందండీ ఇవాళ!" అనేవాణ్ణి. దాంతో వాళ్ళు చలి గురించి మాట్లాడి తలుపేసేవాళ్ళు. మెట్లు దిగాక ఆవిడ నా సంచీలోంచి ఓ మసిగుడ్డ తీసి నా నోటికి అడ్డం పెట్టేది.

వంతెన అవతల కొవాచ్ గారని ఒకావిడ, తెల్లావిడ, భర్త లేడు, ఒక్కడే కొడుకు. గొలుసు పెట్టే ఉంచి సందులోంచి చూసింది. మా ఆవిడ అడిగింది. "మావాడికి బస్సు పడదు" అందావిడ. గోడల మీద రాతే కదా! నేను గొంతు సవరించుకున్నా, రాజ్యాంగం దగ్గర్నుంచి మొదలెడదామని. అర్డెలియా నా కాలు తొక్కి అలాగే నిలబడింది. చాలాసేపటికి ఆ సందులోంచి, "పడదంటే... కడుపులో తిప్పుతుందండీ వాడికి. రెండు వీధులు దాటేసరికి వాంతి. చర్చికి కూడా నడిపించే తీసుకెళ్తాను. అంతమంది పిల్లల్లో వాడు..." అంది. చూశావా! ఊరంతా తీర్పులూ హక్కులూ అని కొట్టుకు చస్తుంటే, ఆ ఇంట్లో భయం కుర్రాడి కడుపులో ఉంది. "మా అమ్మాయి జోనెట్‌కీ అంతేనండీ. ముందు సీట్లో కూర్చోబెట్టి, బుగ్గనో అల్లం బిస్కట్టు పెట్టండి" అంది మా ఆవిడ. గొలుసు తీయలేదనుకో. చెయ్యి మాత్రం బయటికొచ్చి మసిగుడ్డ తీసుకుంది.

ఇటు తిరుగు. చివరి సభ వంతెన అవతలే, పోటీలో ఉన్నది టైర్ల కొట్టు హాల్వర్సన్. హాలు కిక్కిరిసింది, అంతా వాళ్ళవాళ్ళే. వాడు లేచి వేలు చూపించాడు: "ఈవిడ మా పిల్లల సంగతి చూస్తుందట! అమ్మా, మా వైపు నీకు తలుపు తీసి మనసు విప్పిన తల్లి ఒక్కతి ఉందా? పేరు చెప్పు! ఒక్క పేరు!" ఈలలు, బల్లల మీద చరుపులు. మూడో వరసలో కొవాచ్ గారు, ఒళ్ళో చేతిసంచీ. నాకు తెలుసు, ఆ కుర్రాడి కడుపు సంగతి ఒక్క ముక్క నా గొంతుతో చెప్పానంటే హాలు చల్లబడుతుంది, తల్లులందరూ ఇటు తిరుగుతారు. నోరు తెరిచా కూడా. అర్డెలియా నా వైపు చూసింది. మూశా. "తలుపులు తీశారండీ. పేర్లు చెప్పను" అంది. అని ఊరుకుంది! గోలలో అలాగే నిలబడింది. కొవాచ్ గారు లేచి నిలబడుతుందేమోనని చూశా. ఆవిడ తన చేతిసంచీకేసి చూసుకుంది.

కార్లో నేను స్టీరింగ్ మీద గుద్దా. "గెలిచేవాళ్ళం కదే!" అన్నా. "ఆ పిల్లాడు రేపు బడికి వెళ్ళాలి ఎల్‌వుడ్. వాంతుల పిల్లాడని ఊరంతా పేరు పెడితే?" అంది. పేరు చెప్పకుండా చెప్పచ్చుగా అన్నా. "అటువైపు మనం తిరిగిందే మూడు వీధులు. ఎవరో తెలీదూ?" అంది.

ఓడిపోయాం. ఎంతతోటి అనుకున్నావ్? మా చర్చి పాటబృందంలో ఎంతమంది ఉంటారో అన్ని ఓట్లు! ఆ ఏడంతా ఆదివారం పాడటానికి నిలబడితే అటూ ఇటూ చూసి లెక్కెట్టుకునేవాణ్ణి, ఇదిగో వీళ్ళే, వీళ్ళంతమందే అని. సెప్టెంబర్లో మొదటి బస్సొచ్చింది. ఓడినావిడకి పనేముంది చెప్పు? చర్చి బూట్లు వేసుకుని, కోటు జేబునిండా అల్లం బిస్కట్లు పోసుకుని మన బడి దగ్గర నిలబడింది. కొవాచ్ గారి అబ్బాయి ముందు సీట్లోంచి దిగాడు, మొహం పాలిపోయి ఉంది. దిగి, తిన్నగా ఆవిడ బూట్ల మీదే కక్కాడు. ఆవిడ ముందుకు జరిగి కోటు అడ్డం పెట్టింది, వెనకాల పిల్లలకి కనపడకుండా. ఒక బిస్కట్టు ఇచ్చింది. "దార్లో ఆపుకున్నావ్, మొనగాడివి" అంది. ఇంటికొచ్చి బూట్లు కడుగుతూ పాడుకుంది కూడాను.

బూట్ల సంగతి నాకు అర్థమవుతుంది అబ్బాయ్. ఆ హాలు సంగతే ఇప్పటికీ... ఆవిడదే ఒప్పని నోటితో అంటాను, అన్న వెంటనే పాటబృందం కళ్ళ ముందుకొచ్చి నిలబడుతుంది. అటు తిరుగు, పౌడరు రాస్తా. ఇందాక నువ్వు లోపలికొచ్చి మీ ఆవిడ మాట ఎత్తావా, ఇవాళైనా మా అర్డెలియాలా చేద్దామనుకున్నా. "నీ భయమేంటి నాయనా?" అని ఒక్కటడిగి నోరు మూసుకుందామని. నిన్ను అడగనే లేదు, చూశావా? సగం తలకాయ అయ్యేదాకా నా సోదే. అడిగి ఊరుకోవడం నాకింకా రాలేదు.