చల్లారని వాల్వులు

ఆఫీసు నుంచి వచ్చిన కూతురు గిటారు ఆంప్లిఫైయర్ వెనక చతికిలబడింది. తండ్రి టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“స్విచ్ వేస్తే ఎర్ర లైటన్నా వెలగట్లేదు నాన్నా. రేపు కొనేవాళ్లొచ్చి చూస్తే నా పరువేం కాను?”

“ప్లగ్గులో కరెంటుందా?”

“ఉంది. అందులోనే టేబుల్ లైటు పెడితే వెలిగింది. వైరు కూడా మార్చి చూశాను.”

“అయితే ఫ్యూజు చూడు. వైరు గుచ్చేచోటికి పక్కనే చిన్న మూత ఉంటుంది.”

“నీకెలా తెలుసు?”

“అన్నిటికీ అక్కడే ఉంటుందిలే. ముందు ప్లగ్గు పీకు.”

“పీకేశాను. నిజమే, ఫ్యూజు మాడి మసైపోయింది. మొన్న బాగానే పనిచేసిందే! అరే, ఈ వాల్వులేంటి ఇలా ఉన్నాయి?”

“పగిలాయా?”

“వేడిగా ఉన్నాయి. నేను రెండ్రోజులుగా దీని జోలికే రాలేదు. ఈ గాజు గొట్టాలు వేడెక్కాలంటే ఎవరో కాసేపు వాయించి ఉండాలి.”

“ఎండ పడిందేమో.”

“ఈ గదికి కిటికీ ఏదీ?”

తండ్రి టార్చి వెలుగుని గోడవైపు తిప్పాడు.

“పగలంతా ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే. ఈ గోల భరించలేను, అమ్మెయ్యమ్మా అని నా ప్రాణం తీసిందీ నువ్వే.”

“ఈ టార్చితో చెయ్యి లాగేస్తోందే.”

“మాట మార్చకు. ఎంతసేపు వాయించావ్?”

“రెండో పాట మధ్యలో పోయింది.”

“నీకు రెండు పాటలొచ్చా!”

“మూడొచ్చు. షాపు మూసేలోపు వెళ్లి ఫ్యూజు పట్రా. దారిలో ఆ కొనేవాళ్లకి ఫోన్ చేసి, రావద్దని చెప్పు.”